చిత్రకథకు సానపట్టినవారు



సినిమా చూచి యింటికి వచ్చినవానిని ఎట్లున్నదని యడిగినచో, మొదట నటుల పేర్లు చెప్పును. తరువాత పాటలను గూర్చి చెప్పును. కొంచెము తెలిసినవాడైనచో దర్శకుని పేరు కూడ చెప్పును. కథ వ్రాసినవాని పేరు చెప్పువారు అరుదు. ఇక ఆ రచయిత యెదుట కూర్చుండి, అతడు చదివినది విని, ఇది చాలదు, ఇది అధికము, ఇది యిచ్చట కాదు అచ్చట నుండవలెను అని చెప్పి, పదిమారులు తిరిగి వ్రాయించినవాని ఊసు ఎత్తువారే లేరు. ఈనాటి నా ప్రసంగము ఆ వినువానిని గూర్చి, ఆ తిరిగి వ్రాయుటను గూర్చి. మన చిత్రసీమలో ఈ పనికి కథాచర్చ అని పేరు. వాడుకలో స్టోరీ సిట్టింగు అందురు.

నేను కొన్ని సంవత్సరములు ఈ పనియందే యుంటిని. రచయితలు తెచ్చిన వ్రాతప్రతులను వారితో కలిసి చదువుట, సందేహములడుగుట, వారు దిద్దుకొని తెచ్చినదానిని మరల చదువుట నా వృత్తి. ఇందులో కీర్తి లేదు. కాని రుచి కలదు. మన ముందటి తరమువారు దీనినెట్లు నడపిరో, వారి శ్రమ యే చిత్రములయందు ఫలించినదో, నేను తెలిసికొన్నంత వరకు మీకు మనవి చేయుదును.

కవులు నిరంకుశులని పెద్దలు చెప్పియున్నారు గదా, వ్రాసినదానిని తిరిగి వ్రాయుమని చెప్పుట యేమి న్యాయమని మీలో కొందఱడుగవచ్చును. దీనికి సినిమాలు పుట్టకపూర్వమే మన నాటకమే సమాధానము చెప్పినది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున తొలిమారు ప్రదర్శింపబడినది. 1897లో అచ్చుపడినది. ప్రజలు మెచ్చిరి. మఱియొకరైనచో అంతటితో తృప్తి చెంది యుందురు. అప్పారావుగారు ఆ నాటకమునే మరల చేతబట్టి, అయిదంకముల దానిని ఏడంకములుగా పెంచి, మధురవాణి పాత్రకు క్రొత్తప్రాణము పోసి, 1909లో రెండవ కూర్పును వెలువరించిరి. నేడు మనము కన్యాశుల్కమని చెప్పుకొనునది ఆ రెండవదియే. రంగస్థలముపై ఆడగా చూచిన అనుభవము, ప్రేక్షకుల మొగములలో కనబడిన తీర్పు, పండ్రెండేండ్ల ఆలోచన, ఇవి యన్నియు కలిసి ఆ కూర్పునకు గురువులైనవి. నిరంకుశుడైన కవి తనకు తానే అంకుశము పట్టుకొనుట యన్న మాటకు ఇంతకంటె మంచి యుదాహరణము నేనెఱుగను.

నాటకమునకు ఈ సౌకర్యము కలదు. ఈ రాత్రి బెజవాడలో తేలిపోయిన రంగమును రేపు ఏలూరులో సరిచేసికొనవచ్చును. నటుడు పద్యమును సాగదీసి, వన్సుమోరు కొట్టించుకొని, తెల్లవారువఱకు నడపవచ్చును. సినిమాకు ఆ వెసులుబాటు లేదు. ఒకమారు ఫిలిముపై పడినది పడినట్లే యుండును. ఊరూరునకు అదే పోవును. కావున నాటకము ప్రదర్శనమందు నేర్చుకొను పాఠమును సినిమా ప్రదర్శనమునకు ముందే, కాగితముమీదనే, నేర్చుకొనవలసి వచ్చినది. కథాచర్చ పుట్టుటకు మూలకారణమిదియే.

అయితే తొలినాళ్లలో ఈ సంగతి ఎవరికిని తోచలేదు. 1932లో హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వమున వచ్చిన భక్తప్రహ్లాద మన తొలి తెలుగు టాకీ. దానికి ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి నాటకము ఆధారము, నటులు సురభివారు. ఆ తరువాతి కొన్ని సంవత్సరములు టాకీలన్నియు దాదాపు ఈ త్రోవనే నడచినవి. ఆడుచున్న నాటకమును తెచ్చి కెమేరా యెదుట నిలిపిరి. పద్యములు తెలిసినవే, కథ తెలిసినదే, నటులు ఎఱిగినవారే. అప్పటి ప్రేక్షకులకు బొమ్మ మాటలాడుటయే అబ్బురముగాన, కథ యెట్లు నడచినదని అడిగినవారు లేరు. అబ్బురము పాతబడిన వెనుకనే అడుగుట మొదలైనది.

1938లో సారథివారి మాలపిల్ల వచ్చినది. కథ గుడిపాటి వెంకటచలముగారిది. సంభాషణలు తాపీ ధర్మారావుగారివి. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మముగారు. ఈ మూడు పేర్లను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఒకరు సంఘమును నిలదీసిన కథకుడు, ఒకరు పత్రికారంగమున పండి వాడుకభాషకు కొమ్ముకాసిన పండితుడు, ఒకరు దేశసేవాదృష్టి గల దర్శకుడు. హరిజనుల ఆలయప్రవేశమును, కులాంతరప్రేమను గూర్చిన చిత్రమది. ఒక్కరి చేతినుండి కాక, ముగ్గురి చేతులమీదుగా కథ తెరకెక్కు పద్ధతి మనకు దానితో స్పష్టముగా కనబడినది. పూర్వము నాటకకర్త ఒక్కడే యుండెను. ఇపుడు కథకుడు వేఱు, మాటలు వ్రాయువాడు వేఱు, దానిని దృశ్యములుగా పేర్చువాడు వేఱు. ముగ్గురున్నచోట చర్చ తప్పదు. చర్చ యున్నచోట అభిప్రాయభేదము తప్పదు. ఆ భేదమును కథకు లాభముగా మార్చుటయే ఈ విద్య.

దీనికి డబ్బు లెక్క యొకటి కూడ కలదు. ఫిలిము నిమిషమునకు 90 అడుగుల చొప్పున పరుగెత్తును. మూడుగంటల చిత్రమనగా 16,200 అడుగులు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ముడిఫిలిమునకు కఱవు వచ్చినందున, చిత్రము 11,000 అడుగులకు మించరాదని ప్రభుత్వము కట్టడి చేసినది. అనగా రెండుగంటలపై రెండు నిమిషములు మాత్రమే. తెల్లవారువఱకు ఆడు నాటకమునకు అలవాటుపడిన కలములు ఈ కొలతలో ఒదుగవలసి వచ్చినది. ఏది ఉండవలెను, ఏది పోవలెను అను ప్రశ్న విలాసము కాక అవసరమైనది. కాగితముమీద ఒక ఘట్టమును కొట్టివేసినచో పోవునది కాగితమే. రంగము కట్టించి, నటులను పిలిపించి, దీపములు వెలిగించి తీసిన వెనుక కొట్టివేసినచో పోవునది నిర్మాత యిల్లు. ఇంటికి పునాది త్రవ్వకముందే దారము పట్టి చూచుకొనువాడు తెలివిగలవాడని మీకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ దారము పట్టుటలో అందఱికంటె గట్టివారు కె.వి. రెడ్డిగారు. వారు 1912లో తాడిపత్రిలో జన్మించిరి. వాహినీవారి సంస్థలో నిర్మాణవ్యవహారములు చూచి, దర్శకులై భక్తపోతన, యోగివేమన, గుణసుందరికథ మొదలగు చిత్రములను తీసిరి. కథ కాగితముమీద పూర్తిగా కుదిరినగాని చిత్రీకరణమునకు పోవువారు కారు. నటులచేత మాటలు చెప్పించి, స్టాప్‌వాచీ చేతబట్టి, ఏ ఘట్టము ఎన్ని నిమిషములు ఎన్ని సెకనులు పట్టునో ముందే లెక్కగట్టెడివారు. ఇది పిసినారితనమని అనుకొనరాదు. ఏ ఘట్టమునకు ఎంత కాలము తగునో తెలిసినవానికే, ఏ ఘట్టము కథకు ఎంత విలువ గలదో తెలిసినట్లు. రైతు ఏ మడికి ఎంత నీరు పెట్టవలెనో తెలిసి పెట్టును గాని, కాలువ తెగినట్లు పాఱనీయడు గదా.

రెడ్డిగారికి జతగా దొరికిన రచయిత పింగళి నాగేంద్రరావుగారు. నాటకరచనయందు ఆరితేరినవారు. 1949 నాటి గుణసుందరికథకు మూలము షేక్స్‌పియరు వ్రాసిన లియర్ రాజు నాటకము. ముగ్గురు కుమార్తెలు, ముసలి రాజు, ఎవరు నన్నెక్కువ ప్రేమింతురను ప్రశ్న, ముఖప్రీతి మాటలు చెప్పని చిన్నకూతురిపై కోపము, ఇంతవఱకు అక్కడిది. కాని మన చిత్రములో చిన్నకూతురు స్త్రీకి పతియే ప్రధానమని చెప్పి తండ్రి యాగ్రహమునకు గుఱియగును. ఆయన ఆమెను ఒక అవిటివానికి కట్టబెట్టును. అక్కడిది విషాదాంతము, ఇక్కడిది సుఖాంతము. ఇంగ్లీషు చెట్టునుండి అంటు తెచ్చి, మన మట్టిలో, మన పాదులో నాటినందుననే అది బ్రదికినది. పరాయికథను మాటకు మాట దింపుట తేలిక. ఆ కథలోని ప్రశ్న మన యింటిలో పుట్టినచో ఎట్లు పుట్టునని అడుగుట కష్టము. ఆ ప్రశ్నయే వారి చర్చలకు ప్రాణము.

1951 నాటి పాతాళభైరవిని మీలో చూడనివారుండరు. మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథలు దానికి ఆధారము. మజిలీ కథల స్వభావము మీకు తెలిసినదే. ఒక కథలో ఇంకొక కథ, దానిలో మఱియొకటి, నడచినంత దూరము సాగును. సినిమాకు అది కుదరదు. ఈ చిత్రమునందు కథ యెట్లు బిగిసినదో గమనింపుడు. తోటరామునికి రాకుమారి కావలెను. ఆమె కొఱకు ఐశ్వర్యము కావలెను. నేపాళ మాంత్రికునికి పాతాళభైరవి కావలెను; ఆమె కొఱకు సాహసియైన యువకుని బలి కావలెను. ఒకని కోరిక ఇంకొకని కోరికకు వాకిలియైనది. రాముడు ధనమునకై పోవుచోటనే మాంత్రికుడు వానికై కాచుకొనియున్నాడు. ఇద్దఱి కోరికలు ఒక్క బిందువున ఢీకొన్నవి. తక్కిన కథ తనంత తాను కదలినది. నేను నూతన రచయితలకు మొదట చెప్పునది ఇదియే. ఎవనికేమి కావలెను, దానికడ్డమెవరు అను రెండు మాటలకు సమాధానము దొరకనంతకాలము సంభాషణలు వ్రాయకుడు. మొల కొట్టక ముందే పలుపు తెచ్చి యేమి లాభము?

ఆ 1951లోనే బి.ఎన్. రెడ్డిగారి మల్లీశ్వరి వచ్చినది. రాయలకాలపు కథ. బుచ్చిబాబుగారి నాటికకును, ఒక ఇంగ్లీషుకథకును ఋణపడినది. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి, వారికది తొలిచిత్రము. భావకవిత్వమునకు పేరుమోసిన కవిని తెచ్చి సినిమాకు వ్రాయించుట సాహసమే. కవికి పదము ముఖ్యము. సినిమాకు పదముకంటె ముందు మొగము, చూపు, మౌనము ముఖ్యము. ఆ చిత్రములో మాటలు ఎంత మితముగ నున్నవో, నిశ్శబ్దమునకు ఎంత చోటున్నదో చూచినవారికి తెలియును. కవి తన సహజగుణమును విడువలేదు, దర్శకుడు విడువుమనలేదు. కవిత్వమునకు తగిన కథను కూర్చి పెట్టిరి. రచయితను మార్చుట కాదు, రచయిత బలమెచ్చట నున్నదో కనిపెట్టి కథను ఆ వైపునకు త్రిప్పుట కూడ ఈ విద్యలో నొక భాగము.

ఇక చక్రపాణిగారి సంగతి. వారి అసలుపేరు ఆలూరి వెంకటసుబ్బారావు, తెనాలివారు. శరచ్చంద్రుని నవలలను బెంగాలీనుండి తెనిగించి, మన యింటి పుస్తకములవలె చేసినవారు. నాగిరెడ్డిగారితో కలిసి 1947లో చందమామను స్థాపించినవారు. పిల్లవానికి అర్థము కాని వాక్యము పెద్దవానికి కూడ అనవసరమని గ్రహించిన కలము వారిది. 1955 నాటి మిస్సమ్మకు మూలము రవీంద్రనాథ మైత్రగారి బెంగాలీ రచన. ఉద్యోగము దొరకని ఇద్దఱు చదువుకొన్నవారు, భార్యాభర్తలమని బొంకి బడిలో చేరుదురు. తెలుగు చిత్రమునందు ఆమె క్రైస్తవుల యింట పెరిగిన మేరీ, అతడు హిందువు. బొట్టు పెట్టుకొనుట మొదలు, పేరంటమునకు పోవుట వఱకు ప్రతి చిన్న గృహకృత్యమును ఒక చిక్కుముడి యగును. హాస్యమునకై వేఱుగ హాస్యగాండ్రను తేనక్కఱలేదు, పరిస్థితియే నవ్వించును. దానిని చూచినవారెవరును ఇది బెంగాలునుండి వచ్చినదని యనుకొనరు. అరువు తెచ్చిన నగ మెడకు సరిపోవునట్లు మార్చుటలో ఆయనకు సాటి లేరు.

1962 నాటి గుండమ్మకథ కూడ ఇట్టిదే. కన్నడములో 1958లో వచ్చిన చిత్రము దానికి మూలము. మాటలు డి.వి. నరసరాజుగారివి, చిత్రానువాదము చక్రపాణిగారిది. రామారావుగారు, నాగేశ్వరరావుగారు ఇద్దఱును నటించిన చిత్రమునకు సూర్యకాంతముగారి పాత్ర పేరు పెట్టిరి. కథకు ఇరుసు ఎక్కడున్నదో తెలిసినవారు కాన ఆ ధైర్యము చేసిరి. బండి యెంత అలంకరించినను, తిరుగునది ఇరుసుమీదనే గదా.

నరసరాజుగారి పేరు వచ్చినది గనుక ఒక మాట. వారు నాటకరచయితలు. వారి నాటకమొకటి కె.వి. రెడ్డిగారికి నచ్చుటచేత, 1954 నాటి పెద్దమనుషులు చిత్రమునకు మాటలు వ్రాయుటకు పిలువబడిరి. ఆ చిత్రమునకు నార్వే దేశపు నాటకకర్త ఇబ్సెన్ 1877లో వ్రాసిన నాటకమొకటి స్ఫూర్తి. ఊరికి స్తంభములవంటివారని పేరుపొందిన పెద్దల లోపలి బొల్లితనము దాని విషయము. పైకి ధర్మము, లోపల స్వార్థము గల మునిసిపల్ ఛైర్మనును మన తెలుగు ఊరినడుమ నిలిపి చూపిరి. గ్రామపెద్దలైన మీయెదుట ఈ చిత్రమును పేర్కొనుటకు నేను జంకుట లేదు. తన్ను తాను అద్దమున చూచుకొను ధైర్యము పెద్దఱికమునకు లక్షణము. ఇంకొక సంగతి యేమన, ఆనాటి పేరుగల రచయితలను కాదని, సినిమాకు క్రొత్తయైన కలమును దర్శకుడు నమ్మినాడు. క్రొత్తవానితో కూర్చుండి పని నేర్పుటకు ఓపిక కావలెను. ఆ ఓపిక ఫలముగా మన చిత్రసీమకు ఒక గొప్ప సంభాషణరచయిత లభించినాడు.

ఈ సాధనయంతయు పరిపక్వమైనది 1957 నాటి మాయాబజారునందు. శశిరేఖాపరిణయకథ వ్యాసభారతమున లేదు. అక్కడ అభిమన్యునకు భార్య ఉత్తర. జనుల నోళ్లలో, నాటకములలో పెరిగిన కథ యిది. 1936లోనే ఒకమారు తెలుగు టాకీగా వచ్చినది. అందఱికి తెలిసిన కథ, అంతకుముందే తీసిన కథ. దానిని మరల చెప్పవలెనన్నచో చెప్పు తీరులోనే నవ్యత యుండవలెను. రెడ్డిగారు, పింగళివారు ఏమి చేసిరో రెండు సంగతులు మాత్రము చెప్పెదను.

మొదటిది, విడిచిపెట్టుట. పాండవుల కుటుంబమునకు సంబంధించిన కథయే యైనను, పాండవులైదుగురిలో ఒక్కరును తెరపై కానరారు. మూడుగంటలకు మించిన చిత్రమునందు వారు లేని లోటు మనకు తోచదు. వారిని చూపినచో కథ వారి కష్టములవైపు ఒఱగిపోయెడిది. ద్వారకలోని పెండ్లిసందడి వెలవెలపోయెడిది. ఉండవలసినవారిని ఉంచుట అందఱికి తెలియును. ఉండదగినవారిని కూడ కథకొఱకు వదలుట కొందఱికే తెలియును.

రెండవది, కూర్చుట. ప్రియదర్శిని యను పెట్టె యొకటి కల్పించిరి. తెఱచినవారికి తమకత్యంత ప్రియమైనది అందులో కనబడును. బలరామునకు శిష్యుడైన దుర్యోధనుడు కనబడును. రేవతికి నగలు కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడును. కృష్ణునకు శకుని కనబడును! ఎవరి మనస్సు ఏవైపు మొగ్గునో, ఎవరు రేపు ఎవరి పక్షమున నిలుతురో, ఉపన్యాసములు లేకుండ కొద్ది నిమిషములలో తెలిసిపోయినది. నాలుగు రంగములు చేయవలసిన పని ఒక్క పెట్టె చేసినది. నేడు మన మనుమలు చేతిఫోనులో దూరదేశముననున్నవారిని చూచి మాటలాడుచుండగా, పలువురు ఆ పెట్టెనే తలచుకొనుచున్నారు. కాని దాని గొప్పతనము యంత్రమును ఊహించుటలో లేదు. మనస్సును కంటికి కనబడునట్లు చేయుటలో నున్నది.

పెద్దల సంగతి యిట్లుండగా, నా స్వల్పానుభవమునుండి ఒకటి విన్నవించెదను. ఒక యువరచయిత, రైతుబిడ్డ, ఒక ఘట్టము వ్రాసి తెచ్చెను. కూతురి పెండ్లికై తండ్రి కాడియెద్దులలో నొకదానిని అమ్మి యింటికి వచ్చును. తరువాత రెండు పుటలు దుఃఖము. భార్యతో చెప్పును, తమ్మునితో చెప్పును, దేవునితో చెప్పును. మాటలు బాగుగనే యున్నవి. కాని నా కన్ను తడియలేదు. ఈ మాటలు తీసివేయుమని నేను చెప్పలేదు. ఒక ప్రశ్న మాత్రమడిగితిని. "నాయనా, ఆ సాయంకాలము ఆయన పశువులపాకలోనికి పోయినచో ఏమి చేయును?" అంటిని. ఆతడు చాలసేపు మాటలాడలేదు. మఱునాడు ఒక్క అరపుట తెచ్చెను. తండ్రి చీకటిలో పాకలోనికి పోవును. అలవాటు చొప్పున రెండెద్దులకు సరిపడు గడ్డి చంకనెత్తుకొని వచ్చును. ఒక గాడిలో వేయును. రెండవ గాడివద్దకు వచ్చి నిలిచిపోవును. చేతిలోని గడ్డిని ఎక్కడ పెట్టవలెనో ఆయనకు తెలియదు. అంతే, మాట లేదు. ఆ అరపుట చదివి నేను చాలసేపు పుట త్రిప్పలేకపోతిని.

ఆ గడ్డి నాకు తోచలేదు, తోచదు కూడ. అది ఆ బిడ్డ ఇంటిలో చూచినది, వాని లోపల నున్నది. నా ప్రశ్న దానిని వెలికి తీయు చేద మాత్రమే, నీరు బావిది. కథాచర్చలో కూర్చుండువాడు మఱువరాని ధర్మమిదియే. తన కథను రచయిత నెత్తిన రుద్దరాదు. లోపము చూపవలెను, దారి యడుగవలెను, నడచువాడు రచయితయే కావలెను. సమాధానము తానే చెప్పి వ్రాయించినచో ఆ ఘట్టము బాగుపడవచ్చును గాని, ఆ రచయిత బాగుపడడు. మఱుసటి ఘట్టమునకు మరల మన మొగము చూచును.

ఈ ధర్మము తప్పినచోట అన్యాయము పుట్టినది. ఆరేడుగురు చిన్నరచయితలను చేరదీసి, వారి యూహలు తీసికొని, తెరమీద ఒక్క పెద్ద పేరు వేయు ఆచారము మన చిత్రసీమలో ఎంతోకాలము నడచినది. వారికి ఘోస్టులని, అనగా దయ్యములని, పేరు పెట్టిరి. బ్రదికియున్న మనుష్యుని దయ్యమని పిలుచు వృత్తి లోకమున ఇంకొకటి గలదో లేదో నేనెఱుగను. మాయాబజారు వచ్చిన 1957లోనే మన దేశమున కాపీరైటు చట్టము చేయబడినది. రచన తనదని చెప్పుకొను హక్కు, దానిని వికృతము చేయకుండ ఆపు హక్కు రచయితకు దానియందు కలవు. 2012లో చేసిన సవరణచే, చిత్రములలో చేరిన రచనలపై ప్రతిఫలమునందు పాలుపొందు హక్కు మఱింత గట్టిపడినది. చట్టము పుస్తకమున నున్నంత మాత్రమున పేదరచయిత గుమ్మమునకు రాదు. తోటివాని న్యాయబుద్ధియే దానిని తెచ్చి యిచ్చునది. వినినవాడు వినినవాడుగా, వ్రాసినవాడు వ్రాసినవాడుగా పేరు పొందుటయే న్యాయము.

ఇతరదేశములు కూడ ఈ పనిని ఒక విద్యగా గుర్తించినవి. అమెరికాలో నటుడు రాబర్ట్ రెడ్‌ఫోర్డు స్థాపించిన సన్‌డాన్సు సంస్థ, 1981 నుండి క్రొత్త చిత్రకారులను కొండలనడుమకు పిలిచి, అనుభవజ్ఞులను వారి సరసన కూర్చుండబెట్టి, వారి కథలను మెఱుగు పెట్టించినది. పేరు క్రొత్తది, దేశము వేఱు. పద్ధతి మన పింగళివారు, రెడ్డిగారు ఎదురెదురుగ కూర్చుండి చేసినదే.

దీనితో మాకేమి పని యని మీరనవచ్చును. పని కలదు. మీ యూరిలో శ్రీరామనవమి పందిరిలో నాటకము వేయుట ఇంకను ఉండియుండవచ్చును. ఊరి కుఱ్ఱవాడెవడో ఒక కథ వ్రాసికొని, మీయరుగు మెట్లెక్కి, తాతయ్యా ఒకమాఱు వినుమని అడుగవచ్చును. అప్పుడు రెండు తప్పులు జరుగుటకు వీలున్నది. బాగున్నది పొమ్మని వీపు తట్టి పంపుట ఒకటి. మాకాలమున ఇట్లు కాదని కసరి పంపుట రెండవది. రెండింటను వానికి కలుగు మేలు లేదు. కూర్చుండబెట్టుడు. పైకి చదువుమనుడు. కాగితము కంటికి దాచినది చెవికి పట్టుబడును. మీ మనస్సు ఎక్కడ జాఱినదో ఆ చోటు గుర్తుంచుకొని, తప్పని కాదు, అడుగుటగా అడుగుడు. వీడికేమి కావలెను? ఈమె ఈ మాట ఎందుకన్నది? ఈ రంగము లేనిచో కథకేమి లోటు? సమాధానము వానినే వెదకుకొననిండు. మరల తెచ్చినప్పుడు మరల వినుడు.

ధర్మసూక్ష్మములు, పంటలెక్కలు, పాడిపశువుల గుణములు మీకు తెలిసినంత పట్టణమున కథలు వ్రాయువారికి తెలియవు. ఆ తెలివి కథలోనికి రావలెనన్నచో, చెప్పువానికి ముందు వినువాడు కావలెను. మన యూళ్ల కథలు మన బిడ్డల కలములనుండి ఇంకను రావలసియున్నవి. వారి తొలిశ్రోతలు మీరు కాగలరని నా నమ్మకము.